'డాయన్' శబ్దము – నింద – ప్రాణరక్షణము
జంషెడ్‌పూర్ ప్రాంతమును గూర్చిన ఒక పరిశీలనము

1. విషయ నిర్దేశము

సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియుచోట వెలసిన జంషెడ్‌పూర్ భారతదేశమందలి ఉక్కునగరములలో మొదటిది. సాక్చీ అను పల్లె 1919లో జంషెడ్జీ టాటా పేర ఈ నామమును పొందినది. హిందీ, వంగ, ఒడియా, సంతాలీ, హో భాషలతోపాటు తెలుగును ఆ నగరమున వినవచ్చును. కర్మాగారపు పనికై ఉత్తరాంధ్రమునుండి తరలివెళ్లిన కుటుంబములు అచట తరతరములుగా నిలిచియున్నవి. నగరమును చుట్టి సింహభూమి, సరాయికేలా, ఖర్సావా ప్రాంతముల పల్లెలు కలవు. ఆ పల్లెలలో ఒక మాట కారణముగా మనుష్యుల ప్రాణములు పోవుచుండుటయు, ఆ మాటను పలుకుటయే నేరమని శాసింపజేసిన ప్రయత్నము ఈ నగరముననే రూపొందుటయు భాషాపరిశోధకులు గమనింపదగిన విషయములు.

ఆ మాట 'డాయన్'. క్షుద్రశక్తిచే ఇతరులకు రోగమును, మరణమును, పంటనష్టమును కలిగించునని నమ్మబడు స్త్రీకి ఈ పేరు వాడుదురు. అయితే 'డాయన్' అనునది లోకమందున్న ఒక వస్తువునకు పెట్టిన పేరు కాదు. అది ఒకరిపై మరియొకరు మోపిన నింద. వ్యాకరణరీత్యా నామవాచకమగుటచే అది వస్తువును తెలుపు పదమువలె భాసించును. ఆ భ్రమయే అన్యాయమునకు తొలిమెట్టు. కావున అన్యాయమును ఎదిరించి పలుకుట యనగా ఈ సందర్భమున మొదట ఆ పదమును నిరాకరించుట, పిమ్మట ఆ పదముచే కప్పివేయబడిన మనుష్యుని పేరును తిరిగి పలుకుట. ఈ విషయమును శబ్దచరిత్ర, లోకవ్యవహారము, శాసనపాఠము అను మూడు ఆధారములతో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2. శబ్దచరిత్ర

సంస్కృత 'డాకినీ' శబ్దమునుండి ప్రాకృతమున 'డాఇణీ' యను రూపమును, దానినుండి హిందీలో 'డాఇన్', 'డాయన్', వంగమున 'డాఇన్', 'డాఇనీ' యను రూపములును ఏర్పడినవి. గుజరాతీ 'డాకణ్', మరాఠీ 'డాకీణ్', రాజస్థానీ 'డాకన్' అనువానియందు కకారము నిలిచినది. సంతాలీలోని 'డాన్' ఆర్యభాషలనుండి వచ్చి చేరినదిగా కన్పట్టును. హో, ముండారీ భాషలలో మారణప్రయోగమునకు 'నాజొమ్' అను దేశీయ పదము వేరుగా కలదు.

మూలమున డాకినీ శబ్దమునకు నేటి హీనార్థము మాత్రమే లేదు. వజ్రయాన బౌద్ధమున డాకిని జ్ఞానమును ప్రసాదించు శక్తి. టిబెట్టు భాషలో ఆమెకు ఆకాశమున సంచరించునది యను అర్థము గల పేరున్నది. యోగతంత్రములందు షట్చక్రముల అధిష్ఠానశక్తులలో నామె యొకతె. కాళీపరివారమున చేరిన భయంకర రూపమును ఆమెకు కలదు. జనవ్యవహారమున జ్ఞానార్థము నశించి, భయార్థము మిగిలినది. దేవతానామము మానవస్త్రీకి నిందావాచకమైనది.

ఈ శబ్దముతో జంటగా పరిశీలింపదగినది 'ఓఝా'. డాయన్‌ను గుర్తించి, ఆమె చేసిన కీడును తొలగింతునని చెప్పు భూతవైద్యునికి ఆ ప్రాంతమున ఇది పేరు. దీని మూలము 'ఉపాధ్యాయ' శబ్దము. ప్రాకృతమున 'ఉవజ్ఝాఅ' యై, పిదప 'ఓఝా' యైనది. మైథిల బ్రాహ్మణుల 'ఝా', 'ఓఝా' యను ఇంటిపేర్లును దీనినుండి వచ్చినవే. తెలుగున 'ఒజ్జ' అను తద్భవము ఈ కుదురునకే చెందినది. కాని తెలుగు ఒజ్జ గురువుగానే నిలిచినాడు. పిల్లలు దిద్దుకొనుటకు ఆయన వ్రాసియిచ్చు మేలుబంతి 'ఒజ్జబంతి' యైనది. అటు ఛోటానాగపురమున అదే శబ్దము మంత్రవైద్యుని పేరైనది. ఒకే వ్యవహారమునందు పురుషునకు ఉపాధ్యాయుని పేరును, స్త్రీకి డాకిని పేరును లభించుట యాదృచ్ఛికమని త్రోసివేయదగినది కాదు. అదృశ్యశక్తులు తనకు తెలియునని పురుషుడు చెప్పుకొన్నచో అది విద్య. స్త్రీకి తెలియునని ఇతరులు చెప్పినచో అది నేరము. పదముల విభాగమే అధికారవిభాగమును తెలుపుచున్నది.

3. తెలుగు వ్యవహారము

తెలుగు దేశమును ఈ దోషమునకు దూరమైనది కాదు. 'చేతబడి', 'చిల్లంగి', 'బాణామతి' యను పదములు ప్రాంతభేదముతో వాడుకలో నున్నవి. తెలంగాణమందలి 'బాణామతి'కి కన్నడమున 'బానామతి', మరాఠీలో 'భానామతి' సమానరూపములు. మూడు భాషల సరిహద్దు జిల్లాలలో ఒకే భయము ఒకే పేరుతో సంచరించుచున్నదనుటకు ఇది నిదర్శనము. 'చేతబడి'లోని 'చేత' యనగా చేసిన పని. సంస్కృత 'కృత్య', మరాఠీ 'కరణీ' శబ్దములును చేయుట యను అర్థమునుండియే పుట్టి ఇదే భావమును పొందినవి. కర్త యెవరో కనబడని కీడునకు 'ఎవరో చేసినారు' అని కర్తను ఊహించుట ఈ పదములన్నిటికిని సమానలక్షణము. రోగమునకు కారణము తెలియనప్పుడు, దానిని సంభవించినదిగా గాక చేయబడినదిగా భాష చూపును. చేయబడినదైనచో చేసినవారు ఉండవలెను. వెదకుట అచట ఆరంభమగును.

'మంత్రగాడు', 'మంత్రగత్తె' యను జంటయందును పైని చెప్పిన భేదమే కానవచ్చును. మంత్రగాడు తరచుగా తన వృత్తిని తానే చాటుకొనును. మంత్రగత్తె యని తన్ను తాను చెప్పుకొన్న స్త్రీ అరుదు. ఆ పేరు ఆమెకు ఇరుగుపొరుగువారు పెట్టినదై యుండును. ఆ పేరు చాటున తెలుగు పల్లెలలోను స్త్రీపురుషులు కొట్టబడిన, చంపబడిన ఘటనలు కలవు. కనుక జంషెడ్‌పూర్ పరిసరములందలి సంగతి పరాయివారి వింతగా చూడదగినది కాదు.

4. నింద పనిచేయు విధము

పల్లెలో ఒక బిడ్డకు జ్వరము వచ్చును. లేదా పశువులు చచ్చును. వైద్యుడు దూరమున నుండును, ఓఝా దగ్గర నుండును. ఓఝా మొదట పేరు చెప్పడు. దిక్కును చెప్పును, ఇంటి గుర్తును చెప్పును. విన్నవారు తమ మనస్సులలో ముందే యున్న పేరును పూరింతురు. ఆ పేరు సాధారణముగా వితంతువుదో, ఒంటరి స్త్రీదో, భూమి విషయమున దాయాదులకు అడ్డుగా నున్నదానిదో, ఎదురు మాటాడు స్వభావము కలదానిదో యగును. పిమ్మట పంచాయితీ, అపరాధపు సొమ్ము, కొట్టుట, మలమూత్రములను బలవంతముగా త్రాగించుట, వెలివేయుట, కొన్నియెడల చంపుట క్రమముగా జరుగును.

ఇది ఆదివాసుల అజ్ఞానమని చెప్పి ముగించుట వలస ప్రభుత్వకాలపు వ్రాతలలో పరిపాటి. ఆ వాదము మూడు కారణములచే నిలువదు. మొదటిది: నిందితులలోను, నిందించువారిలోను ఆదివాసులు కాని కులములవారును కలరు. రెండవది: ఈ హింస ఒకే తీరున సాగిన అనాది ఆచారము కాదు, చరిత్రతోపాటు హెచ్చుతగ్గులు గలది, 1857 తిరుగుబాటున ప్రభుత్వము చెదరినప్పుడు సింహభూమి ప్రాంతమున ఇట్టి హత్యలు పెచ్చు పెరిగినట్లు చరిత్రకారులు చూపిరి. మూడవది: గోవింద్ కేల్కర్, దేవ్ నాథన్‌లు 1991లో ప్రచురించిన గ్రంథమున ఛోటానాగపుర స్త్రీల భూమిహక్కులకును ఈ నిందకును గల సంబంధమును వివరించిరి. వితంతువునకు బ్రతికినంతకాలము భర్త భూమిపై అనుభవహక్కు కలదు. ఆమె లేకున్న ఆ భూమి దాయాదులదగును. అట్టియెడ 'డాయన్' అను మాట నమ్మకమునుండి మాత్రమే పుట్టినది కాదు, లాభమునుండియు పుట్టినది.

నమ్మకమును నిందనుండి వేరుచేయుట ఇచట అవసరము. అదృశ్యశక్తులు కలవని నమ్ముట ఒకరి మతవిషయము. ఫలానా స్త్రీయే నా బిడ్డను తినుచున్నదనుట మతవిషయము కాదు. అది సాక్ష్యము లేని నేరారోపణము. మొదటిదానిని గౌరవించుట పేర రెండవదానిని సహించుట న్యాయము కాదు.

5. ఛుట్నీ మహతో

ఈ ప్రాంతమున ఆ నిందను అనుభవించి, దానికి ఎదురు నిలిచినవారిలో ఛుట్నీ మహతో పేరు ప్రసిద్ధము. ఆమెను ఛుట్నీ దేవి యనియు వ్యవహరింతురు. జంషెడ్‌పూరునకు సమీపమున, నేటి సరాయికేలా-ఖర్సావా జిల్లాలోని ఒక పల్లెకు ఆమె బాల్యముననే కోడలై వెళ్లెను. 1995లో పొరుగింటి బాలిక జబ్బుపడగా ఆమెయే డాయన్ అని నింద వచ్చినది. పంచాయితీ ఆమెకు 500 రూపాయల అపరాధము విధించినది. ఆమె ఆ సొమ్ము చెల్లించినను నింద తొలగలేదు. ఈ అంశము ముఖ్యము. అపరాధము చెల్లించుట లోకము దృష్టిలో నేరమును ఒప్పుకొనుటయే యైనది. పిమ్మట ఆమెను కొట్టి, మలమూత్రములను త్రాగింపజూచిరి. ఆమె పిల్లలతో ఆ ఊరు విడిచి, పుట్టినిల్లగు బీర్‌బాఁస్ గ్రామమున తలదాచుకొనెను.

ఇట్టి కథలు సాధారణముగా ఇంతటితో ముగియును. ఛుట్నీ మాత్రము జంషెడ్‌పూర్ కేంద్రముగా ఈ హింసపై పనిచేయుచున్న ఉచిత న్యాయసహాయ సమితివారితో చేయి కలిపి, తనవలె నిందపడిన స్త్రీల పక్షమున మాటాడ నారంభించెను. బీర్‌బాఁస్ గ్రామమునందు అట్టి స్త్రీలకు ఆశ్రయమిచ్చు కేంద్రమునకు ఆమె ఆధారమయ్యెను. నింద పుట్టిన ఊరికి స్వయముగా వెళ్లుట, నిందించినవారిని నలుగురిలో ప్రశ్నించుట, వినకున్న పోలీసులను ఆశ్రయించుట ఆమె పద్ధతి. ఇట్లు నూరుమందికి పైగా స్త్రీలకు ఆమె అండయైనట్లు ప్రసిద్ధి. 2021లో భారతప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమును ప్రకటించినది. అదే సంవత్సరము అస్సామున ఇదే కృషి చేసిన బీరూబాలా రాభాకును ఆ గౌరవము లభించినది. ఆమె 2024లో కీర్తిశేషురాలయ్యెను.

ఛుట్నీ కృషికి విద్యాబలము గాని, ధనబలము గాని మూలము కాదు. 'ఈమె డాయన్' అను వాక్యమునకు 'ఈమె ఫలానా, ఫలానావారి తల్లి, ఈ ఊరి మనిషి' యను వాక్యమును ఎదురు నిలుపుటయే ఆమె బలము. జాతివాచకమును త్రోసి వ్యక్తినామమును నిలుపుట ప్రాణరక్షణకు సాధనమైనది.

6. శాసనపాఠము

పై సమితివారు ఈ హింసను నివారించుటకు ఒక చట్టపు ముసాయిదాను సిద్ధపరచిరి. ఆ ప్రయత్నపు ఫలముగా 1999లో అవిభక్త బీహారు రాష్ట్రము డాయన్ ఆచార నిరోధక శాసనమును చేసినది. భారతదేశమున ఈ విషయమై ప్రత్యేకముగా చేయబడిన ఆధునిక రాష్ట్రశాసనములలో ఇది మొదటిది. 2000లో ఏర్పడిన ఝార్ఖండ్ రాష్ట్రము 2001లో దీనిని స్వీకరించినది. తరువాత ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో ఇట్టి శాసనములను చేసినవి.

ఈ శాసనమందలి విశేషము దాని క్రమము. మొదట శిక్షింపబడునది దెబ్బ కాదు, మాట. ఒకరిని డాయన్ అని మాటచే గాని, చేష్టచే గాని గుర్తించుటయే 3వ విభాగమున నేరము. దానికి మూడు నెలలవరకు కారాగారము, లేదా వేయి రూపాయలవరకు జరిమానా, లేదా రెండును శిక్ష. అట్లు గుర్తించి శారీరకముగా గాని, మానసికముగా గాని బాధించినచో 4వ విభాగము ప్రకారము ఆరు నెలలు, రెండువేల రూపాయలు. గుర్తించుటకు ప్రేరేపించుట 5వ విభాగమునందు నేరము. ఝాడ్-ఫూఁక్, టోట్కా మొదలగు క్రియలచే డాయన్‌ను నయము చేయుదునను ఓఝాకు 6వ విభాగము ఒక సంవత్సరమువరకు శిక్షను చెప్పుచున్నది. ఇచట ఓఝాకు అందరికంటె హెచ్చు శిక్ష యుండుట గమనింపదగినది.

నిర్వచనవాక్యము మరింత పరిశీలనార్హము. డాయన్ యనగా 'వేరొకరిచే డాయన్ అని గుర్తింపబడిన స్త్రీ' యను భావముతో ఆ వాక్యము ఆరంభమగును. ఇది సమంజసమైన నిర్వచనము: పదమునకు అర్థమును ఆ స్త్రీయందు గాక, గుర్తించినవారి క్రియయందు ఉంచినది. కాని అదే వాక్యపు ఉత్తరభాగమున మంత్రముచే, చెడుచూపుచే కీడుచేయు శక్తి గాని, తలంపు గాని కలిగియుండుట అను విశేషణము చేరినది. ఆ శక్తి ఆమెకు కలదని గుర్తించినవారు తలచిరనియా, నిజముగా కలదనియా? అన్వయమును బట్టి రెండర్థములును పొసగును. మొదటి అన్వయమే శాసనోద్దేశమునకు అనుకూలము. శాసనకర్తలు తప్పించుకొనదలచిన భ్రమ వారి వాక్యములోనికే తిరిగి ప్రవేశించుట ఆ పదమునకు గల బలమును తెలుపుచున్నది.

పాశ్చాత్యదేశముల చరిత్రయందును ఇట్టి మలుపు కలదు. బ్రిటనున 1735 నాటి శాసనము మంత్రవిద్యను నేరముగా పరిగణించుట మాని, అట్టి శక్తి ఒకరికి కలదని చెప్పుటనే నేరముగా చేసినది. అమెరికాలోని సేలంనగర విచారణలలో 1692లో పందొమ్మండుగురు ఉరితీయబడిరి. ఒకరు రాళ్లబరువుక్రింద చంపబడిరి. ఆ విచారణలలో శిక్ష పడియు ప్రాణముతో బయటపడిన ఎలిజబెత్ జాన్సన్ అను స్త్రీ పేరునుండి ఆ నింద 2022లో గాని తొలగింపబడలేదు. మాట పడుటకు ఒక దినము చాలును. దానిని తుడుచుటకు మూడువందల ఏండ్లకు పైగా పట్టినది.

శాసనమున్నంత మాత్రమున ప్రాణములు నిలువవు. రాంచీ జిల్లాలోని కంజియా మరాయిటోలీ యను పల్లెలో 2015 ఆగస్టు నెలలో ఒకే రాత్రి ఐదుగురు స్త్రీలు ఈ నిందపై చంపబడిరి. అప్పటికి ఝార్ఖండ్ ఆ శాసనమును స్వీకరించి పదునాలుగేండ్లు. ప్రాణము తీయగల మాటకు మూడు నెలలు, వేయి రూపాయలు అను వెల తక్కువయే. అయినను అసలు లోపము శిక్ష స్వల్పతయందు లేదు. పల్లెలో నింద పుట్టిన మొదటి దినమున 'ఇది అబద్ధము' అను గొంతు వినబడకుండుటయందున్నది. హత్యలు రాత్రివేళ జరిగినను, మాట పగటివేళ నలుగురిలోనే పుట్టును. పోలీసులు చేరుటకు ముందు, న్యాయస్థానము వినుటకు ముందు, ఆ మాటను ఆపగలవారు ఆ నలుగురే.

7. మౌనము దోషమగుట

ఈ భావము తెలుగు సాహిత్యమునకు క్రొత్తది కాదు. తిక్కన ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు కౌరవసభలో ధర్మసత్యములు చెడుచుండగా వారింపగల సమర్థులు ఉపేక్షించినచో ఆ కీడు వారికే కలుగునని హెచ్చరించును. అచట దోషము చేసినవానికంటె చూచి ఊరకుండినవానిపై దృష్టి నిలిచినది. సభాపర్వమున వికర్ణుడు ఒంటరిగా లేచి పలికిన పలుకు సభను మార్చలేకపోయినను, ఆ సభయంతయు ఏకమనస్కము కాదని లోకమునకు సాక్ష్యమిచ్చినది. ఒంటరి పలుకునకు గల విలువ అదియే: అందరును అంగీకరించిరను అబద్ధమును అది భంగపరచును.

ఆధునికులలో కందుకూరి వీరేశలింగము మూఢవిశ్వాసములను ఖండించుచు ఎడతెగక వ్రాసెను. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము'న పూజారి గవరయ్య పాత్రను సృష్టించెను. దయ్యములను సీసాలో బంధింతునని నమ్మించు ఆ పాత్ర, లుబ్ధావధాని భయమునే పెట్టుబడిగా చేసికొని బ్రతుకును. గవరయ్య సింహభూమి ఓఝాకు తెలుగు సోదరుడు. భేద మొకటే: నాటకమున సీసా యున్నది, నవ్వున్నది, పల్లెలో సీసాకు బదులు ఒక స్త్రీ యున్నది. మోసగానిని చూచి నవ్వుట సులభము. మోసమునకు బలియగువారి ప్రక్కన నిలుచుట కష్టము. సంస్కరణసాహిత్యము మొదటిదానిని చక్కగా నేర్పినది; రెండవదానిని ఛుట్నీ మహతో వంటివారు ఆచరించి చూపిరి.

8. నిఘంటుకర్తల కర్తవ్యము

పై చర్చనుండి భాషాశాస్త్రమునకు సంబంధించిన ఒక ఫలితము సిద్ధించుచున్నది. భారతీయభాషల నిఘంటువులలో ఈ పదములకు అర్థము వ్రాయునప్పుడు 'క్షుద్రశక్తి గల స్త్రీ', 'మంత్రములచే కీడు చేయునది' అను రీతిని వ్రాయుట నిందను సత్యముగా నమోదు చేయుటయే యగును. 'కలదని నిందింపబడిన' అను ఒక్క విశేషణము చేరినచో అర్థము సత్యమగును. 'డాయన్', 'డాహాణీ', 'టోన్హీ', 'మంత్రగత్తె' మొదలగు పదములన్నిటికిని ఈ సూత్రము వర్తించును. ఇంద్రజాలికుడు, కుమ్మరి, వడ్రంగి అను పదముల తరగతిలో వీనిని చేర్పరాదు. 'దొంగ' అను పదముతోను వీనికి సామ్యము లేదు. దొంగతనము జరుగు పని, దానికి సాక్ష్యము చూపవచ్చును. డాయన్ చేయునను పని జరుగనిది, కావున దానికి సాక్ష్యము అసంభవము. సాక్ష్యము అసంభవమగుటచేతనే నిందితురాలు దానిని కాదని నిరూపించుటయు అసంభవమగుచున్నది. భాషలో ఇట్టి పదములు కొలదిగానే యున్నవి, కాని వీని బరువు గొప్పది.

అనువాదకులకును ఇదే హెచ్చరిక వర్తించును. ఒక వార్తను తెలుగులోనికి తెచ్చునప్పుడు 'మంత్రగత్తె హత్య' అని వ్రాసినచో చంపినవారి మాటను వ్రాసినట్లగును. 'మంత్రగత్తె యను నిందపై స్త్రీ హత్య' అని వ్రాసినచో జరిగినదానిని వ్రాసినట్లగును. రెండు మూడు పదముల భేదమున ఒక మనిషి మనిషిగా నిలుచుటయో, నిలువకపోవుటయో యున్నది.

9. ఉపసంహారము

'డాయన్' శబ్దము దేవతానామముగా పుట్టి, నిందగా మారి, 1999 నాటి శాసనముతో నేరమునకు పేరైనది. ఈ మూడవ దశకు జంషెడ్‌పూర్ నగరమును, దాని పరిసరపల్లెల స్త్రీలును కారకులు. ఉక్కును కరగించి అచ్చుపోయు నగరము చెంతనే ఒక మాట అర్థమును మార్చు పనియు సాగినది. ఆ పని ఇంకను ముగియలేదు. ప్రతి మానవప్రాణమును విలువ గలదనుట సామాన్యసూత్రము. సూత్రము సభలలో సులభముగా అంగీకరింపబడును. దానికి పరీక్ష జరుగునది జ్వరముతో నున్న బిడ్డ యింటిముందు, ఊరు ఒక స్త్రీ వైపు చూచు క్షణమున. అప్పుడు ఆమెను ఆమె పేరుతో పిలుచువారు ఒక్కరైన నుండవలెను.